పేదల జాబితా: పేదరికం, సామాజిక వెలివేతలపై జాతీయ విధానాలు రూపుదిద్దుకునే తీరు

పేదరికం అంటే లేమి. తిండికి, బట్టకు, గూటికి, వైద్యానికి, పిల్లల చదువుకు చాలినంత లేకపోవడం. సామాజిక వెలివేత అంటే ఉన్నవాటి దగ్గరికి రానివ్వకపోవడం. ఊళ్లో బావి ఉంటుంది, కొందరు అందులో చేద వేయకూడదు. బ్యాంకు ఉంటుంది, కౌలుదారుకు అప్పు పుట్టదు. బడి ఉంటుంది, సంచార కులాల పిల్లల పేర్లు హాజరుపట్టీలో ఉండవు. లేమీ వెలివేతా తరచూ ఒకే ఇంట్లో కనిపిస్తాయి గానీ ఒకే మందుకు లొంగవు.

వెలివేత అన్న మాటకు అర్థం తెలుగువారికి విడమరచి చెప్పనక్కర్లేదు. వెలివాడ అన్న పదం మన ఊళ్ల నేల మీదే ఉంది. ఐరోపా పాలనా పరిభాషలోకి ఆ భావం 1974లో ప్రవేశించింది. ఫ్రాన్స్ ప్రభుత్వంలో సామాజిక వ్యవహారాలు చూసే రెనే లెన్వార్, తన దేశంలో పదిమందిలో ఒకరిని సమాజం అంచుకు నెట్టేశారని ఒక పుస్తకం రాశాడు. వికలాంగులు, దిక్కులేని వృద్ధులు, మానసిక రోగులు, ఇల్లు విడిచిన పిల్లలు ఆయన లెక్కలోని మనుషులు. చేతిలో డబ్బు పెట్టినంత మాత్రాన వీళ్లు తిరిగి లోపలికి రాలేరన్నది ఆయన వాదన.

ఏ దేశ ప్రభుత్వమైనా ఈ విషయంలో విధానం తయారు చేయాలంటే కొన్ని ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాలి. పేదలు ఎవరు, వారిని ఎలా గుర్తించాలి, ఏమివ్వాలి, ఇచ్చింది చేరిందో లేదో ఎవరు చూడాలి? ఈ వ్యాసం ప్రధానంగా భారతదేశ అనుభవాన్ని పరిశీలిస్తుంది. ఇక్కడి విధానాల మంచిచెడ్డలు చాలావరకు గుర్తింపు దగ్గరే, అంటే జాబితా దగ్గరే తేలాయి.

కరువు పని నుంచి రాజ్యాంగం దాకా

పేదరికాన్ని తలరాతగా చూసినంతకాలం ప్రభుత్వానికి అందులో చేయాల్సిన పనేమీ కనిపించలేదు. కరువొస్తే గంజి కేంద్రాలు తెరిచేవారు, రోడ్లు వేయించి, చెరువులు తవ్వించి కూలి ఇచ్చేవారు. రాయలసీమ వాసులు ధాత కరువుగా చెప్పుకునే 1876-78 నాటి మహాక్షామంలో, మద్రాసు రాజధానిలో కరువు పనికి వచ్చిన మగకూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా ఇస్తే చాలని పై అధికారులు నిర్ణయించారు. లక్షలమంది చచ్చిపోయాక, 1880లో క్షామ విచారణ సంఘం నివేదిక ఇచ్చింది. దాని ఆధారంగా 1883లో క్షామ నిబంధనావళి వచ్చింది. కరువును ఎలా గుర్తించాలి, ఎప్పుడు ప్రకటించాలి, ఎవరికి పని, ఎవరికి ఉచితంగా తిండి అన్నవి ముందే రాసి పెట్టుకున్న మొదటి పత్రం అది. లోభంతో రాసినదే అయినా, ఆపద వచ్చాక ఆలోచించడం నుంచి ఆపదకు ముందే ఏర్పాటు చేసుకోవడానికి ప్రభుత్వం మారింది అక్కడే.

కరువు లేని ఏడాది కూడా ఈ దేశం ఆకలితోనే ఉందని లెక్కలతో చూపినవాడు దాదాభాయి నౌరోజీ. వలస కూలీలకు ఓడల్లో, ఖైదీలకు జైళ్లలో పెట్టే తిండీబట్టల ఖర్చు ఎంతో ఆయన లెక్కగట్టాడు. దాన్ని బ్రిటిష్ ఇండియాలో తలసరి ఆదాయంతో, అంటే ఏడాదికి 20 రూపాయలతో పోల్చాడు. నేరం చేసి జైలుకు వెళ్లినవాడికి దొరికేది బయట కష్టపడే రైతుకూలీకి దొరకడం లేదని తేలింది. భారతదేశంలో దారిద్ర్యరేఖ లెక్క మొదలైంది జైలు కూడు నుంచి. ఈ సంగతి గుర్తుంచుకోదగింది, ఎందుకంటే ఆ తర్వాత నూరేళ్లపాటు ప్రభుత్వాలు గీసిన గీతలు దానికి మరీ ఎత్తులో ఏమీ లేవు.

1950 నాటి రాజ్యాంగం పేదరికాన్నీ వెలివేతనూ ఎదుర్కొనే పనిని రెండు భాగాలు చేసింది. అంటరానితనాన్ని 17వ అధికరణం రద్దు చేసింది, అది కోర్టుకెక్కి సాధించుకోగల హక్కు. జీవనోపాధి, పని, నిరుద్యోగంలోనూ వృద్ధాప్యంలోనూ సహాయం, పోషకాహారం మాత్రం 39, 41, 47 అధికరణాల్లో ఆదేశిక సూత్రాలుగా మిగిలాయి. వాటిని పాటించమని కోర్టు బలవంతం చేయలేదు. వెలివేత మీద చట్టం, పేదరికం మీద మాట అన్నట్టుగా ఈ విభజన అర్ధశతాబ్దం నడిచింది.

గీత

1952 అక్టోబరు 2న మొదలైన సమాజాభివృద్ధి పథకం ఊరంతటినీ ఒకే కుటుంబంగా చూసింది. రోడ్డు వస్తే, కాలువ వస్తే అందరూ బాగుపడతారన్న నమ్మకం అది. పొలం ఉన్నవాడికి కాలువ ఉపయోగపడింది, లేనివాడికి కాలువ తవ్వే కూలి దొరికింది. 1962లో ప్రణాళికా సంఘం కోసం ఒక నిపుణుల బృందం, 1960-61 ధరల్లో మనిషికి నెలకు 20 రూపాయలు కనీస అవసరమని చెప్పింది. చదువు, వైద్యం అందులో లేవు, అవి ప్రభుత్వమే ఇస్తుందనుకున్నారు. 1971లో దండేకర్, రథ్ అనే ఆర్థికవేత్తలు కేలరీల లెక్కతో పేదల సంఖ్యను అంచనా వేశారు. అదే ఏడాది ఎన్నికల్లో ఇందిరా గాంధీ 'గరీబీ హఠావో' నినాదంతో గెలిచారు.

1979లో ప్రణాళికా సంఘం వేసిన అలఘ్ బృందం ఈ లెక్కకు అధికార ముద్ర వేసింది. పల్లెలో మనిషికి రోజుకు 2,400 కేలరీలు, పట్నంలో 2,100. అంత తిండి తినే కుటుంబాల ఖర్చును బట్టి, 1973-74 ధరల్లో పల్లెకు నెలకు 49.09 రూపాయలు, పట్నానికి 56.64 రూపాయలు గీతగా నిర్ణయించారు. 1993లో లక్డావాలా బృందం రాష్ట్రానికో గీత కావాలంది. 2009లో టెండూల్కర్ సంఘం కేలరీల లెక్కను వదిలి, చదువు, వైద్యాల ఖర్చును కూడా కలిపింది. ఆ పద్ధతిలో 2011-12కు గీత పల్లెలో నెలకు 816, పట్నంలో 1,000 రూపాయలు. ఆ లెక్కన జనాభాలో 21.9 శాతం పేదలు.

2011 సెప్టెంబరులో ప్రణాళికా సంఘం సుప్రీంకోర్టులో దాఖలు చేసిన అఫిడవిట్‌తో ఈ గీత వీధిలోకి వచ్చింది. పట్నంలో రోజుకు 32, పల్లెలో 26 రూపాయలు ఖర్చు పెట్టగలిగినవాడు పేదవాడు కాదని దాని సారాంశం. జనం ఆ 32 రూపాయలకు ఏమొస్తుందో కూరగాయల బండి దగ్గర నిలబడి లెక్కవేశారు. దేశమంతా ఆగ్రహం వ్యక్తమయ్యాక, పూర్వం ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా పనిచేసిన సి. రంగరాజన్ అధ్యక్షతన మరో నిపుణుల బృందం వేశారు. 2014లో అది గీతను పల్లెలో 972, పట్నంలో 1,407 రూపాయలకు పెంచింది. దాంతో 2011-12లో పేదలు 29.5 శాతం అయ్యారు. ఒకే దేశం, ఒకే ఏడాది. టెండూల్కర్ గీత కింద దాదాపు 27 కోట్లమంది, రంగరాజన్ గీత కింద 36 కోట్లమంది. మధ్యలోని తొమ్మిది కోట్లమంది బతుకులో మారిందేమీ లేదు. రంగరాజన్ నివేదికను ప్రభుత్వం అధికారికంగా స్వీకరించలేదు.

2015లో ప్రణాళికా సంఘం స్థానంలో వచ్చిన నీతి ఆయోగ్, రూపాయల గీతను వదిలి బహుముఖ పేదరిక సూచీ వైపు మళ్లింది. పోషణ, శిశుమరణాలు, బడి, వంటచెరకు, మరుగుదొడ్డి, తాగునీరు, కరెంటు, ఇల్లు, బ్యాంకు ఖాతా వంటి 12 అంశాల్లో ఇంటికి ఏవి లేవో చూస్తారు. ఈ లెక్కన పేదలు 2015-16లో 24.85 శాతం, 2019-21లో 14.96 శాతం. మరుగుదొడ్డి కడితే, ఖాతా తెరిస్తే ఈ సూచీ త్వరగా కదులుతుంది. కూలి పెరిగిందా లేదా అన్నది ఇందులో కనిపించదు. అందుకే ఆదాయ, వినియోగాల గీతకు ఇది తోడుగా ఉండాలే తప్ప బదులుగా పనికిరాదు.

జాబితా

గీత దేశంలో ఎంతమంది పేదలో చెబుతుంది, ఫలానా ఇల్లు పేదదా కాదా చెప్పదు. అది చెప్పేది జాబితా. 1997 జూన్‌లో చౌకధరల బియ్యాన్ని దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఒక ధర, ఎగువన ఉన్నవారికి ఇంకో ధర చొప్పున కేంద్రం విడదీసింది. అప్పటినుంచి జాబితాలో పేరే అన్నింటికీ తాళంచెవి అయింది. 2002 సర్వేలో 13 అంశాలకు సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు వేశారు. ఎన్ని జతల బట్టలున్నాయి, రోజుకు ఎన్నిసార్లు తింటారు అని కూడా అడిగారు. రాష్ట్రానికి ఇంతమందికి మించకూడదన్న పరిమితి పైనుంచి ముందే వచ్చింది కాబట్టి, మార్కుల కోత ఆ సంఖ్యకు తగ్గట్టు పడింది.

జాబితాలో రెండు రకాల తప్పులు జరుగుతాయి. అర్హత లేనివాడు చేరడం ఒకటి, అర్హుడు జారిపోవడం ఒకటి. పత్రికల్లో మొదటిదే ఎక్కువ చర్చకు వస్తుంది, కారున్నవాడికి తెల్లకార్డు అని. రెండో తప్పు ఎంతో ప్రమాదకరమైనది, ఎందుకంటే దాని బాధితుడు ఫిర్యాదు రాయలేడు, ఆఫీసు చుట్టూ తిరిగితే ఆ రోజు కూలి పోతుంది. మొదటి తప్పుతో ఖజానాకు కొంత నష్టం. రెండో తప్పుతో ఒక ఇంట్లో పొయ్యి వెలగదు.

2011 నాటి సామాజిక, ఆర్థిక, కుల గణన ఈ లోపాన్ని కొంత సరిచేయాలని చూసింది. తలదాచుకోను చోటు లేనివారు, బిచ్చమెత్తి బతికేవారు, పాకీపని చేసేవారు, ఆదిమ గిరిజన తెగలు, వెట్టినుంచి విడుదలైనవారు ప్రశ్నలేవీ లేకుండా నేరుగా జాబితాలోకి వచ్చారు. మోటారు వాహనం, ఫ్రిజ్ వంటివి ఉన్నవారు నేరుగా బయటికి వెళ్లారు. మిగిలినవారిని ఏడు లోపాలతో కొలిచారు: ఒకే గది మట్టి ఇల్లు, పనిచేసే వయసు మనిషి లేకపోవడం, ఆడమనిషే దిక్కయిన కుటుంబం, వికలాంగుడుండి ఒళ్లు సహకరించే పెద్దలెవరూ లేకపోవడం, షెడ్యూల్డ్ కులం లేదా తెగ, చదువొచ్చిన పెద్దలు లేకపోవడం, భూమి లేని కూలి బతుకు. ఇది పేదరికాన్నీ వెలివేతనూ ఒకే కాగితం మీద చూసిన ప్రయత్నం.

జాబితాకు ఆధారం ఏ కాగితమన్నది మరో చిక్కు. 2019లో మొదలైన పీఎం-కిసాన్ పథకం ఏడాదికి 6,000 రూపాయలు ఇస్తుంది, భూమి పట్టా ఉన్న కుటుంబానికే. ఆంధ్ర డెల్టాలో దుక్కి దున్ని, నారు పోసి, తుపానుకు నష్టపోయే కౌలురైతు పేరు ఆ పట్టాలో ఉండదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2011లో కౌలుదారులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం చేసింది, 2019లో విభజిత ఆంధ్రప్రదేశ్ దాని స్థానంలో పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చింది. రెండోదానిలో యజమాని సమ్మతి లేనిదే కాగితం రాదు. యజమాని సంతకం పెట్టడానికి జంకుతాడు. సాగు చేసేవాడు పథకానికి బయటే నిలబడతాడు.

వెలివేతకు వేరే మందు

బియ్యం ఇస్తే ఆకలి తగ్గుతుంది, వెట్టి తగ్గదు. అందుకే 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం, 1989 నాటి షెడ్యూల్డ్ కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టం, 2006 నాటి అటవీ హక్కుల చట్టం, 2013 నాటి పాకీపని నిషేధ చట్టం పేదరిక విధానంలో విడదీయరాని భాగాలు. బడ్జెట్‌లో వాటా కోసం 1974లో గిరిజన ఉపప్రణాళిక, 1979లో షెడ్యూల్డ్ కులాల ప్రత్యేక ప్రణాళిక మొదలయ్యాయి. జనాభా నిష్పత్తిలో డబ్బు కేటాయించాలన్నది సూత్రం. కేటాయించిన డబ్బును వేరే పనులకు మళ్లించడం ఆనవాయితీ అయింది. 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ సూత్రాన్ని చట్టం చేసింది, దళిత, గిరిజన సంఘాలు ఏళ్లతరబడి పోరాడిన ఫలితం అది.

ఈ రంగంలో పనిచేసిన అధికారుల్లో ఎస్.ఆర్. శంకరన్ పేరు తెలుగునాట ఆప్యాయంగా తలుచుకుంటారు. ఆంధ్రప్రదేశ్ సాంఘిక సంక్షేమ శాఖలో ఉండగా వెట్టి విముక్తి చట్టాన్ని కాగితం మీదినుంచి ఊళ్లలోకి నడిపించాడు. తర్వాత కేంద్రంలో గ్రామీణాభివృద్ధి కార్యదర్శి అయ్యాడు, పదవీ విరమణ తర్వాత సఫాయి కర్మచారుల ఉద్యమానికి అండగా నిలిచాడు, 2005లో పద్మభూషణ్‌ను వద్దన్నాడు. చట్టం ఒకటే అయినా దాన్ని చేతిలోకి తీసుకున్న మనిషిని బట్టి ఫలితం ఎంత మారుతుందో ఆయన పనిలో కనిపిస్తుంది.

వెలివేతకు గురైనవారిలో మళ్లీ వెనకబడినవారి ప్రశ్నను జాతీయ స్థాయికి తీసుకెళ్లిందీ తెలుగు నేలే. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో పుట్టిన మాదిగ దండోరా ఉద్యమం షెడ్యూల్డ్ కులాల వర్గీకరణ కోరింది. ఆంధ్రప్రదేశ్ చేసిన వర్గీకరణ చట్టాన్ని 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇరవై ఏళ్ల తర్వాత, 2024 ఆగస్టు 1న, ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం రాష్ట్రాలు వర్గీకరించవచ్చని తీర్పు చెప్పింది.

రాష్ట్రాల్లో మొదలై దిల్లీకి

జాతీయ విధానం దిల్లీలో పుట్టి ఊళ్లకు వస్తుందని అనుకుంటాం. చాలాసార్లు జరిగింది అందుకు తలకిందులుగా. 1972 కరువులో మహారాష్ట్ర మొదలుపెట్టిన ఉపాధి హామీ, 1982లో తమిళనాట ఎంజీఆర్ విస్తరించిన మధ్యాహ్న భోజనం, 1983లో ఎన్.టి. రామారావు ఇచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం ముప్పై ఏళ్లకు అటూఇటూగా దేశానికంతటికీ చట్టాలో, పథకాలో అయ్యాయి.

మహిళా సంఘాల కథ ఇంకా నేరుగా ఊరి మధ్యనుంచి వచ్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమ ఉత్సాహం పొదుపు సంఘాల్లోకి ప్రవహించింది. 1982లో మొదలై నత్తనడక నడుస్తున్న డ్వాక్రా పథకం ఒక్కసారి ప్రాణం పోసుకుంది. 2000లో ఆరు జిల్లాల్లో 'వెలుగు' పథకం వచ్చింది, సంఘాలు గ్రామ సమాఖ్యలుగా, మండల సమాఖ్యలుగా కట్టుకున్నాయి. 2011లో కేంద్రం జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ పెట్టినప్పుడు ఈ నమూనా మీద, కేరళ కుటుంబశ్రీ మీద బాగా ఆధారపడింది. అయితే అదే సంఘాల చుట్టూ సూక్ష్మరుణ సంస్థలు చేరి, వడ్డీ కట్టలేని ఆడవాళ్ల ప్రాణాల మీదికి తెచ్చాయి. 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ఆర్డినెన్స్ తెచ్చి వాటిని అదుపు చేయాల్సి వచ్చింది. అప్పు అందించడమే విముక్తి అని నమ్మిన విధానకర్తలు ఈ అధ్యాయాన్ని జాగ్రత్తగా చదవాలి.

హక్కు

2001లో రాజస్థాన్‌లో కరువు. అదే సమయంలో భారత ఆహార సంస్థ గోదాముల్లో ధాన్యం గుట్టలు. పౌరహక్కుల ప్రజాసంఘం సుప్రీంకోర్టుకు వెళ్లింది. జీవించే హక్కులో తిండి కూడా ఉందన్న వాదన ఆధారంగా కోర్టు, 2001 నవంబరు 28న, ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో వండిన భోజనం పెట్టాలని ఆదేశించింది. ఆదేశాల అమలు చూడటానికి నియమించిన కమిషనర్లు ఇద్దరిలో శంకరన్ ఒకరు. ఆదేశిక సూత్రంగా కదలకుండా ఉన్న మాట ఇలా పిల్లల పళ్లెంలోకి వచ్చింది. 2013లో ఆహార భద్రత చట్టం పల్లెల్లో 75 శాతం, పట్నాల్లో 50 శాతం జనానికి నెలకు మనిషికి అయిదు కిలోల ధాన్యాన్ని హక్కు చేసింది.

2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టం అమలు 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పని అని ఆ చట్టం హామీ ఇచ్చింది. అడిగిన 15 రోజుల్లో పని చూపకపోతే నిరుద్యోగ భృతి. కాంట్రాక్టర్లు వద్దు, కూలీల పని లాగేసే యంత్రాలు వద్దు. ఈ చట్టంలోని గొప్పతనం ఏమిటంటే దీనికి పేదల జాబితా అవసరం లేకపోయింది. ఎండలో మట్టి తవ్వడానికి సిద్ధపడి వచ్చినవారికల్లా పని. క్షామ నిబంధనావళి కాలంలో అవమానంగా ఉన్న కాయకష్టపు పరీక్ష ఇక్కడ హక్కుగా మారింది. జనం మాత్రం దీన్ని ఇప్పటికీ పాత పేరుతోనే పిలుస్తారు, కరువు పని అని.

సామాజిక తనిఖీ ఈ చట్టంలోని 17వ సెక్షన్ ఇచ్చిన ఆయుధం. 1994లో రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ చేసిన బహిరంగ విచారణలు దీనికి మూలం. ఆంధ్రప్రదేశ్ దీన్ని ప్రభుత్వ యంత్రాంగంలో భాగం చేసి, 2009లో ప్రత్యేక సంస్థనే పెట్టింది. తనిఖీ బృందం ఇంటింటికీ వెళ్లి మస్టరు చదువుతుంది. ఫలానా వారంలో ఆరు రోజులు చేసినట్టుంది, నిజమేనా? ఆ వారం నేను పుట్టింటికి పోయాను సారూ. రాసుకుంటారు. చనిపోయినవారి పేర హాజరు పడుతుంది, రాసుకుంటారు. వెడల్పు తగ్గిన గుంతను టేపుతో కొలుస్తారు. చివరిరోజు మండల కేంద్రంలో షామియానా కింద ప్రజావేదిక. మైకులో ఒక్కో ఊరి పేరు, ఒక్కో తేడా, ఒక్కో మొత్తం చదువుతారు. చదువురాని కూలీ లేచి, ఆ డబ్బు నాకు రాలేదని అధికారి ఎదుట చెబుతుంది. తేలిన సొమ్మంతా తిరిగి రాలేదన్నది నిజం. కానీ లెక్క అడిగే అధికారం లబ్ధిదారు చేతికి వచ్చిన ఇలాంటి ఘట్టం ఈ దేశ పాలనలో ఇంకొకటి చూపడం కష్టం.

ఇతర దేశాల్లో

1995లో కోపెన్‌హాగెన్‌లో జరిగిన ప్రపంచ సామాజికాభివృద్ధి సదస్సు తర్వాత, 1997లో ఐర్లాండ్ జాతీయ పేదరిక వ్యతిరేక వ్యూహం ప్రకటించింది. ఆదాయం తక్కువగా ఉండటంతో పాటు రెండు జతల గట్టి బూట్లు, వెచ్చని కోటు, ఇంట్లో వేడి వంటివి కొనుక్కోలేని స్థితిని అక్కడ నికర పేదరికంగా లెక్కిస్తారు. ఏ శాఖ కొత్త నిర్ణయం తీసుకున్నా అది పేదల మీద ఎలా పనిచేస్తుందో ముందే పరిశీలించాలన్న నియమం పెట్టారు. 2000లో లిస్బన్‌లో సమావేశమైన ఐరోపా సమాఖ్య దేశాలు సామాజిక చేర్పు కోసం జాతీయ కార్యాచరణ ప్రణాళికలు రాసి, ఒకరివి ఒకరు సమీక్షించుకోవాలని ఒప్పుకున్నాయి. దేశంలోని మధ్యస్థ ఆదాయంలో 60 శాతం కంటే తక్కువ ఉంటే పేదరికపు ముప్పు ఉన్నట్టు. ఈ ప్రణాళికల్లో చట్టబద్ధమైన నిర్బంధం లేదు. 2020 నాటికి రెండు కోట్లమందిని గట్టెక్కిస్తామన్న తదుపరి లక్ష్యమూ చేరలేదు.

భారతదేశం ఎక్కువగా నేర్చుకోగలిగింది బ్రెజిల్ నుంచి. అక్కడ 2001లో ఒకే ఉమ్మడి నమోదు పుస్తకం తెరిచారు, 2003లో దాని ఆధారంగా బోల్సా ఫమీలియా నగదు సాయం మొదలైంది. 2011లో 'క్రియాశీల అన్వేషణ' పేరుతో ఇంకో అడుగు వేశారు. పేదవాడు దరఖాస్తు పట్టుకొని రావాలని చూడకుండా, ప్రభుత్వమే నది గట్లకూ అడవి అంచులకూ వెళ్లి, జాబితాలో లేనివారిని వెతికి రాసుకోవాలి.

డబ్బు, యంత్రం, వలస

1995 ఆగస్టు 15న మొదలైన జాతీయ సామాజిక సహాయ పథకంలో వృద్ధాప్య పింఛనుకు కేంద్రం వాటా అప్పట్లో నెలకు 75 రూపాయలు. దాన్ని 200 చేశాక, 80 ఏళ్లలోపు వారికి దాదాపు రెండు దశాబ్దాలపాటు పైసా పెరగలేదు. రాష్ట్రాలు తమ డబ్బు కలుపుకొని నెట్టుకొస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్ 2024లో 4,000 చేసింది. ఇక్కడి ముసలమ్మకు అది మందుల ఖర్చు. అంత కలపలేని రాష్ట్రంలోని ముసలమ్మకు జాతీయ విధానమంటే ఆ 200 రూపాయలే.

2015 నుంచి ఆంధ్రప్రదేశ్ రేషన్ దుకాణాల్లో వేలిముద్ర యంత్రాలు విస్తృతంగా వచ్చాయి. దొంగ కార్డులు తగ్గాయి. ఇటుకబట్టీలో, చాకిరేవులో, మిరపకోతల్లో వేళ్ల గీతలు అరిగిపోయినవారికి కొత్త కష్టం వచ్చింది. యంత్రం ఎర్రలైటు చూపుతుంది. బియ్యానికి వచ్చిన ఆడమనిషి వేలు కడిగి, కొంగుకు తుడుచుకొని మళ్లీ పెడుతుంది. పక్క వేలు పెడుతుంది. రేపు రమ్మంటారు. ఆ రేపటికి కూలి పోతుంది.

పాలమూరు నుంచి, పలాస నుంచి, కళ్యాణదుర్గం నుంచి వలస వెళ్లేవారికి కార్డు ఊళ్లో, కడుపు నగరంలో. 2019 ఆగస్టులో ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు ఏర్పాటును మొదట ప్రయోగించిన రెండు రాష్ట్రాల జంటల్లో ఒకటి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ. ఆ మరుసటి ఏడాది లాక్‌డౌన్‌లో కాలినడకన బయల్దేరిన లక్షలమందిలో ఎంతమందికి ఏ జాబితాలోనూ చోటు లేదో దేశం కళ్లారా చూసింది. 2021 ఆగస్టులో అసంఘటిత కార్మికుల కోసం ఈ-శ్రమ్ నమోదు తెరిచారు. అందులో పేరుండి రేషన్ కార్డు లేనివారు దాదాపు ఎనిమిది కోట్లమంది అని తేలింది. ఆహార భద్రత కింద రాష్ట్రాలకు కోటా 2011 జనగణన ప్రకారమే ఉంది, 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడింది. కోటా నిండిందన్న కారణం చూపకుండా ఆ ఎనిమిది కోట్లమందికి కార్డులివ్వమని సుప్రీంకోర్టు 2023లో ఒకసారి, 2024లో మరోసారి రాష్ట్రాలను ఆదేశించింది.